ఎవరూ ఆపరట

"ఆ కిటికీ ఎందుకు మూశావు?"

"పొగ వస్తోంది. టపాకాయల పొగ."

"పొగ రావట్లేదు, చప్పుడే వస్తోంది. తియ్ అసేలా. ఈ వీధిలో ఇవాళ కిటికీలు మూసుకున్న ఇల్లు మనదొక్కటే."

"మూసుకుంటే ఏం?"

"ఎవరికీ తెలియకూడదని పొద్దుట్నుంచి నువ్వేగా గోల. మళ్ళీ నువ్వే కిటికీ మూసి చాటింపు వేస్తావేం?"

"సరే, తీస్తా. గట్టిగా మాట్లాడకు మరి."

ఆదివారం మధ్యాహ్నం. ద్వీపానికి కొత్త అధ్యక్షుడు ఎవరో ఖాయమై మూడు గంటలైంది. గంపహ పట్టణంలో తమ ఇంటి పడకగదిలో, మంచం మీద తెరిచిన రెండు పెట్టెల మధ్య కూర్చుని ఉంది సేపాలి. ఎదురుగా ఆమె భర్త అసేల. తొమ్మిదేళ్ళ కూతురు సెనులి పానదురలో నాయనమ్మ ఇంట్లో ఉంది.

"చీరలు ఎన్ని పెట్టను?"

"నాలుగు. తెల్లవి."

"నాలుగూ తెల్లవేనా?"

"ఎవరడిగినా బుద్ధగయ యాత్రకని చెబుతున్నాం. యాత్రకి వెళ్ళేవాళ్ళు తెల్లబట్టలేగా కట్టేది. పొద్దున చెప్పానుగా."

"చెప్పావు. బుద్ధుణ్ణి అడ్డం పెట్టుకుని అబద్ధమా అని నేనూ అడిగాను. నువ్వు జవాబు చెప్పలేదు."

"ఆయన ఏమీ అనుకోడులే."

"ఎన్నాళ్ళకి వెళ్తున్నాం?"

"పది రోజులని రాశా."

"కాగితం మీద రాసింది కాదు. నిజంగా."

"చూద్దాం."

"చూద్దామంటే చీరలెలా లెక్కపెట్టుకోను?"

"సేపాలీ, ముందు చెన్నైలో దిగుదాం. అక్కడ మా మామయ్య కొడుకున్నాడు. తర్వాత సంగతి తర్వాత. నిన్నట్నుంచి ఎన్నిసార్లు మోగింది ఫోను?"

"మూడుసార్లు."

"ఎత్తితే ఎవరైనా మాట్లాడారా?"

"లేదు."

"మరి? ఇంకా ఏం కావాలి నీకు?"

"నేను రానని అన్నానా? నాకూ భయమే. రాత్రంతా గేటు వైపే చెవి పెట్టుకుని పడుకున్నా. కానీ ఒకటి అడుగుతా, చెప్పు. టికెట్లు ఎప్పుడు కొన్నావు?"

"నిన్న."

"నిన్న ఓట్లేసే రోజు."

"ఫోన్లో కొన్నా. ఫోన్లో కొనడానికి పండగా లేదు, సెలవూ లేదు."

"వీసా?"

"అదీ ఫోన్లోనే."

"వీసాకి నాలుగు రోజులు పడుతుంది. కిందటేడు మా ఆఫీసు అమ్మాయి చిత్రాంగని యాత్రకి వెళ్ళినప్పుడు నేనే నింపిపెట్టా దాని కాగితాలు. అంటే నువ్వు మంగళవారమో బుధవారమో అడిగి ఉండాలి. ఓటింగుకి ముందు."

"ముందు జాగ్రత్త."

"నా ఫోటో ఎక్కడిది?"

"నీ ఆఫీసు కార్డుకి తీయించుకున్నది. బీరువాలో ఇంకా రెండున్నాయి."

"సెనులిని శుక్రవారమే పంపేశావు."

"అదీ ముందు జాగ్రత్తే! ఏంటి సేపాలీ, పోలీసులా ప్రశ్నలు?"

"వాళ్ళే గెలుస్తారని నీకు అంత గట్టిగా ఎలా తెలుసు?"

"దేశమంతటికీ తెలుసు. నీకూ తెలుసు. ఒప్పుకోలేదంతే. ఓడిపోయుంటే టికెట్లు రద్దు చేసుకునేవాళ్ళం. ఇందులో తప్పేముంది?"

"తప్పని అన్లేదు. నాకు చెప్పలేదేమని."

"చెబితే ఇదిగో, ఇలా కూర్చుని తవ్వుతావని."

"డిసెంబరు మూడున కోర్టులో ఉండాలి నేను."

"కోర్టు! ఇంకా కోర్టంటావేంటి? కేసులో ఉన్న ఆ నలుగురి ఇళ్ళ ముందు ఏం జరుగుతోందో తెలుసా? వీధి వీధంతా టపాకాయలే. గెలిచింది వాళ్ళ మనుషులేగా, పూలదండలట. నీ వల్ల పద్నాలుగు నెలలు లోపలుండి బెయిలు మీద వచ్చారు వాళ్ళు."

"నా వల్లా? నేనేం చూశాను అసేలా? మనిషిని చూశానా, వ్యానును చూశానా? టవర్ల రికార్డులు చూడటం ఫోను కంపెనీలో నా ఉద్యోగం. ఆ రాత్రి ఈ ఫోన్లు ఏ టవరు కింద ఉన్నాయని కోర్టు అడిగింది. కాగితం చూసి చదివాను."

"చదివావు. అయిపోయింది. నీ పని నువ్వు చేశావు."

"సగమే చేశా. వాళ్ళ లాయరు నన్ను ప్రశ్నించడం మిగిలే ఉంది."

"తెలుసు. దానికి నువ్వు నిలబడకపోతే ముందు చెప్పింది కూడా చెల్లదు."

"అది నీకెవరు చెప్పారు?"

"ఏది?"

"చెల్లదని. నేనెప్పుడూ చెప్పలేదే నీకు."

"ఎవరో... టీవీలో అన్నారు."

"ఏ టీవీలో?"

"గుర్తుంటుందా సేపాలీ! ఏదో చర్చలో. ఆ సెనులి మందులేవీ? దగ్గు మందు పెట్టావా?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు. దానికి విమానంలో దగ్గొస్తే ఏం చేస్తాం?"

"కనిపించకుండా పోయిన ఆ చందిమ వాళ్ళమ్మ ప్రతి వాయిదాకీ మాతర నుంచి బస్సులో వస్తుంది. తెల్లారి మూడింటికి బయల్దేరుతుందట. ఆ రోజు నేను బోనులోంచి దిగి వస్తుంటే వరండాలో నా చెయ్యి పట్టుకుంది. ఏమంటుందోనని భయమేసింది నాకు. 'ఐదు ఫోన్లు కలిసి వెళ్ళాయని చదివావు తల్లీ, నాలుగే తిరిగొచ్చాయని చదివావు. ఐదోది ఎక్కడ ఆగిందో ఆ చోటు పేరు ఇంకొక్కసారి చెప్పు' అంది. చెప్పాను. ఆ కాలవ పేరు చీటీ మీద రాసుకుంది."

"నాకు జాలి లేదనుకుంటున్నావా? హార్బరు యూనియన్లో జెండా పట్టుకున్న కుర్రాడు, ఇరవయ్యారేళ్ళు. నాకూ బాధే. కానీ వాడు పోయి ఆరేళ్ళైంది. మనం ఉన్నాం."

"పోయాడని నువ్వు అంటున్నావు. ఆవిడ ఇంకా అనలేదు."

"సేపాలీ..."

"హుష్. గేటు."

"ఎవరు?"

"మానెల్ అక్క. చేతిలో పళ్ళెం ఉంది."

"నువ్వుండు. నేను వెళ్తా. తలనొప్పితో పడుకుందని చెబుతా."

"ఎందుకు? ఇందాక పెరట్లో బట్టలు తీస్తుంటే చూసింది నన్ను."

"వద్దు సేపాలీ, వెళ్ళకు."

"ఎందుకు వద్దు?"

"ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వేమో మొహంలో ఏదీ దాచలేవు."

"ఇవాళ దాస్తాలే. పెట్టెల దగ్గర నువ్వుండు."

సేపాలి పడకగది తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. మానెల్ పక్కింటావిడ. ఆమె భర్త లయనల్ ఆ పేటలో గెలిచిన పార్టీకి ఎన్నికల పని అంతా చూసినవాడు. ఇద్దరాడవాళ్ళూ వంటింట్లో కూర్చున్నారు.

"ఇంద, పాలన్నం. వేడి మీద తిను. ఈసారి కొబ్బరిపాలు చిక్కగా కుదిరాయి. ఉల్లికారం అంచున పెట్టా, నీకు పడుతుందో లేదోనని."

"ఎందుకక్కా మీకీ శ్రమ."

"శ్రమేముంది. మీ అన్న మూడు కుండలు వండించాడు, వీధంతా పంచమని. అందరిళ్ళకీ పార్టీ వాళ్ళు తీసుకెళ్ళారు. మీ ఇంటికి మాత్రం నేనే వెళ్తానన్నా."

"మా ఇంటికి మాత్రం ఎందుకు?"

"ఎందుకేంటి? నువ్వు పరాయిదానివా, ఎవరో మొహం తెలియనివాడి చేత పంపడానికి. అసేల లేడా?"

"స్నానం చేస్తున్నాడు."

"ఈ వేళప్పుడా?"

"ఉక్కగా ఉందన్నాడు."

"ఉక్కే. వాన పడేట్టుంది. పాప లేక ఇల్లు బోసిగా ఉంది. శుక్రవారం వెళ్ళింది కదూ?"

"మీకెవరు చెప్పారు?"

"చెప్పేదేంటే, గోడకవతలే ఉంటాం. చిన్న సంచీ తగిలించుకుని వెళ్తూ నాకు టాటా చెప్పింది కూడా. తిను, చల్లారితే గట్టిపడుతుంది."

"తింటా. టీ పెడతానుండండి."

"పాలు వద్దు. బెల్లం ముక్క ఉంటే ఇవ్వు చాలు. నీ పెరట్లో మిరప మొక్కలు బాగా కాశాయి. నేను నీళ్ళు పోస్తాలే."

"నేను పోసుకుంటానుగా."

"అదే... నువ్వు ఉన్నన్నాళ్ళూ నువ్వు పోస్తావు."

"ఉన్నన్నాళ్ళంటే?"

"ఏదో అన్నానులే. ముసలిదాన్నవుతున్నా."

"నేనెక్కడికి వెళ్తున్నానని అక్కా?"

"ఎక్కడికీ వెళ్ళట్లేదు. సరేనా? బెల్లం ఇంత పెద్ద ముక్కెందుకే, షుగరు నాకు."

"మీ ఆయన పంపాడా మిమ్మల్ని? మేమేం చేస్తున్నామో చూసి రమ్మని?"

"సేపాలీ! ఏంటా మాట? పన్నెండేళ్ళు ఒకే గోడ మనది. సెనులి పుట్టినప్పుడు ఆసుపత్రిలో నీ పక్కన పడుకున్నది ఎవరు, మీ అమ్మా? నేను."

"మీరే. అందుకే అడుగుతున్నా. మీరు అబద్ధం చెబితే నాకు తెలిసిపోతుంది."

"అయ్యో. నన్ను చెప్పొద్దన్నారే."

"ఎవరు?"

"చూడు, నేను అడగడానికొచ్చింది ఒక్కటే. మా వాళ్ళెవరూ ఎప్పుడూ పోలేదు అంత దూరం. బుద్ధగయలో ఆ బోధి చెట్టు కింద ఒక ఆకు దొరికితే తెచ్చిపెట్టు. కోయకు. రాలిందే ఏరు."

"నేను బుద్ధగయ వెళ్తున్నానని మీకెవరు చెప్పారక్కా?"

"భయపడకే పిచ్చిదానా. మంచి కబురే ఇది. కటునాయక ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని ఎవరూ ఆపరు."

"ఎవరూ ఆపరా?"

"ఆపరట. ఇందాక మీ అన్న ఫోన్లో చెబుతుంటే నా చెవులతో నేను విన్నా. 'రేపు పొద్దున్న విమానం, ముగ్గురూ వెళ్తారు సర్, కౌంటరు దగ్గర ఎవరూ ఆపొద్దు' అని. మా ఆయన ఈ జన్మలో ఎవర్నీ సర్ అనలేదు. అవతల ఎంత పెద్దవాడో మరి."

"ముగ్గురమని మీ ఆయనకెలా తెలుసు?"

"అసేల చెప్పాడుగా."

"ఎప్పుడు?"

"కిందటి ఆదివారం. పెద్ద వాన పడిందే, ఆ రోజు. మా వరండాలో కూర్చున్నారిద్దరూ. టీ తీసుకుని వచ్చానా, గుమ్మం దగ్గరే ఆగిపోయా. అసేల ఏడుస్తున్నాడు సేపాలీ. మగవాడు అలా ఏడుస్తుంటే ఎలా వెళ్ళను మధ్యలోకి? టీ చల్లారిపోయింది, నేను అక్కడే నిలబడిపోయా."

"మీ ఆయన బదులేం అడిగాడు?"

"బదులా? ఇరుగుపొరుగు మధ్య బదులేంటి? డిసెంబరు దాటాక తిరిగి రమ్మన్నాడు, అంతే."

"డిసెంబరు దాటాక."

"ఏడాది ఉండగలిగితే ఇంకా మంచిదట. ఎందుకో నాకు తెలీదు. మీ కోర్టు గొడవలు నాకేం అర్థమవుతాయి? నా మటుకు నాకు, మీరు బతికి ఉంటే చాలు. ఎనభైతొమ్మిదిలో కుర్రాళ్ళని మాయం చేసే రోజుల్లో మా తమ్ముణ్ణి తీసుకెళ్ళినప్పుడు వాణ్ణి విమానం ఎక్కించేవాడు ఒక్కడు కూడా లేకపోయాడు మాకు. ఒక్కడుంటే ఏళ్ళ తరబడి దండం పెట్టుకునేదాన్ని. నీ మొహం అలా అయిందేం? నేను తప్పేమైనా అన్నానా?"

"లేదక్కా. మంచే చెప్పారు."

"అసేల మీద కోపం పెట్టుకోకు."

"పెట్టుకోను. ఆకు తెస్తానులే."

"రాలింది."

"రాలిందే."

మానెల్ వెళ్ళాక గేటు గడియ వేసి వచ్చింది సేపాలి. పాలన్నం పళ్ళెం తెచ్చి మంచం మీద, పెట్టెల మధ్య పెట్టింది.

"వెళ్ళిందా? ఏమడిగింది?"

"రావి ఆకు."

"ఆఁ?"

"బుద్ధగయ నుంచి ఆకు తెమ్మంది. ఆ అబద్ధం నాకు నువ్వు ఇవాళ పొద్దున చెప్పావు. ఆవిడకి వారం నుంచి తెలుసు. కూర్చో అసేలా. నిలబడి ఏం చూస్తావు?"

"నేను వెళ్ళలేదు. ఆయనే పిలిచాడు."

"వెళ్ళినా పిలిచినా ఒకటే. ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే ఏడ్చావెందుకు?"

"అదీ చెప్పిందా?"

"చెప్పింది. నీ మీద కోపం పెట్టుకోవద్దని కూడా చెప్పింది. ఏమన్నాడు?"

"ఫోటో చూపించాడు."

"ఏం ఫోటో?"

"సెనులిది. బడి గేటు దగ్గర ఉప్పూకారం మామిడికాయ కొనుక్కుంటోంది. తను తీయలేదట. ఎవరో పంపారట. 'నాకు వచ్చింది, నీకు చూపిస్తున్నా, ఇది నా స్నేహం' అన్నాడు."

"ఇంకా?"

"'మీ పాప పొడుగైంది' అన్నాడు. అంతే సేపాలీ, ఇంకొక్క మాట అనలేదు."

"తర్వాత?"

"తర్వాత నేనే అన్నా, వెళ్ళిపోతామని."

"నేను కోర్టుకి రానని?"

"వెళ్ళిపోతే ఎలాగూ రావుగా. విడిగా అనాల్సిన పనేముంది?"

"కోర్టుకి రాకపోతే ముందు చెప్పింది చెల్లదని చెప్పింది కూడా ఆయనేనా?"

"ఆయనే."

"టీవీ కాదు."

"కాదు."

"మరి ఎవరూ మాట్లాడని ఆ ఫోన్లు?"

"ఫోన్ల సంగతి నాకు తెలీదు. పాప మీద ఒట్టు."

"పాప మీద ఒట్టు పెట్టకు. ఇవాళ వద్దు."

"చెబితే ఏం చేసేదానివి నువ్వు? ఆ రాత్రికి రాత్రే చందిమ తరఫు లాయరమ్మ దగ్గరికి పరిగెత్తేదానివి."

"అవును."

"అందుకే చెప్పలేదు."

"వారం రోజులు పక్కన పడుకున్నావు. నేను గేటు వైపు చెవి పెట్టుకుని పడుకుంటే 'ఏం కాదు, నిద్రపో' అన్నావు. వాళ్ళకి దొరక్కుండా పారిపోతున్నామనుకున్నాను అసేలా. మనల్ని పంపుతోంది వాళ్ళే. కౌంటరు దగ్గర మనిషిని కూడా పెట్టి సాగనంపుతున్నారు."

"ఎవరు పంపితేనేం? ప్రాణాలతో వెళ్తున్నామా లేదా? నీకు పౌరుషం కావాలా, పాప కావాలా?"

"అలా అడగకు."

"అడుగుతా. నేను పిరికివాణ్ణే. ఆ ఫోటో చూసినప్పుడు నీ చందిమ, వాళ్ళమ్మ, ఎవరూ గుర్తు రాలేదు నాకు. గుర్తు రావాలా? ఆ చోట నువ్వుంటే నీకు గుర్తొచ్చేవాళ్ళా?"

"వచ్చేవాళ్ళు కారు."

"మరి?"

"అందుకే నిన్ను తిట్టట్లేదు. పానదుర ఎన్నింటికి చేరాలి?"

"ఐదింటికి బయల్దేరితే ఏడింటికి. అక్కణ్ణించి దాన్ని తీసుకుని..."

"అయితే ఆ తెల్లచీరలు తియ్. వాటి చోట సెనులి బట్టలు ఇంకో నాలుగు జతలు పెట్టు. పుస్తకాలు కూడా. అక్కడ ఏ బళ్ళో వేసినా లెక్కలు మర్చిపోకూడదు."

"చీరలు తీస్తే నువ్వేం కట్టుకుంటావు?"

"నేను రావట్లేదు."

"సేపాలీ."

"డిసెంబరు మూడు దాకా లాయరమ్మ ఇంట్లో ఉంటా. పాప ఇక్కడుంటే బోనులో నా నోరు పెగలదు. దాన్ని ఎవరు చూస్తున్నారో, ఎవరు ఫోటో తీస్తున్నారో అనే ఉంటుంది నాకు. అది అక్కడ నీ దగ్గరుంటే చదవగలను. మొదట్నుంచీ మళ్ళీ చదవమన్నా చదవగలను."

"నిన్ను చంపేస్తారే!"

"చంపొచ్చు. చంపకపోనూవచ్చు. నాకు తెలీదు. నీకూ తెలీదు, టికెట్లు కొన్నావంతే."

"దానికేం చెప్పను? అమ్మ ఏదంటే?"

"ఆఫీసులో సెలవివ్వలేదని చెప్పు. అది నమ్ముతుంది. నా మీద కోపం వస్తుంది, రానీ."

"నేను ఒక్కణ్ణీ దాన్ని తీసుకుని... నా వల్ల కాదు సేపాలీ."

"అవుతుంది. దానికి జడలు వెయ్యడం నాకంటే నీకే బాగా వచ్చు."

"అసలు నువ్వు లేకుండా మమ్మల్ని పోనిస్తారా? ముగ్గురమని చెప్పాను!"

"ఇప్పుడే గోడ దాటి వెళ్ళు. లయనల్‌తో చెప్పు, సేపాలికి ఆఫీసులో కాగితాలు అప్పజెప్పేది ఉంది, బుధవారం విమానానికి వెనకాలే వస్తుంది అని."

"నమ్మడు. వాడు పాము. నా మొహం చూస్తే పట్టేస్తాడు. ఎలా నమ్ముతాడు చెప్పు?"

"నమ్ముతాడు. వాళ్ళకి నీ మాట మీద నమ్మకం ఉంది అసేలా. పోయింది నాకే."